మన ఊరి మాట వినిపించే రేడియో

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు నాకు ఈ విషయం అప్పగించడానికి కారణం ఉంది. స్వర్ణోత్సవ నిధితో ఏం చెయ్యాలన్న దాని మీద కార్యవర్గం ముందు రెండు ప్రతిపాదనలున్నాయి. ఒకటి, బడికి కొత్త ముఖద్వారం. రెండోది, బడి ఆవరణలో ఒక కమ్యూనిటీ రేడియో. మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో ఏదో ఒకటి తేల్చాలి. రేడియో సంగతి చాలామందికి తెలియదు కాబట్టి, పత్రికల్లో ముప్ఫై ఏళ్లు పనిచేసినవాడివి, నువ్వే చెప్పు అన్నారు. నేను రెండో ప్రతిపాదన వైపు ఉన్నానని ముందే చెప్పేస్తున్నాను. ఎందుకున్నానో చెబుతాను. అందులో ఉన్న చిక్కులూ చెబుతాను.

రేడియో అంటే మన వయసువాళ్లకు ఆకాశవాణే. పోస్టాఫీసులో లైసెన్సు రుసుం కట్టి రేడియో పెట్టుకున్న ఇళ్లు మనకు గుర్తే. రేడియో లేనివాళ్లు పంచాయతీ ఆఫీసు మైకు కింద నిలబడి వార్తలు విన్నారు. శాస్త్రీయ సంగీతం, నాటకాలు, వ్యవసాయ కార్యక్రమాలు అన్నీ ఆకాశవాణి పెట్టిన భిక్షే. ఆ రుణం తీరేది కాదు. అయితే ఆ మాట ఎప్పుడూ ఒకవైపు నుంచే వచ్చేది. ఢిల్లీ మాట్లాడేది, హైదరాబాదు మాట్లాడేది, మనం వినేవాళ్లం. మన వాడకట్టులో అమ్మ మాట్లాడే భాష రేడియోలో వినపడితే అది నాటకంలో పనిమనిషి పాత్రకో, నవ్వించే పాత్రకో అయ్యేది.

కమ్యూనిటీ రేడియో దీన్ని తిరగేస్తుంది. వినేవాళ్లే మాట్లాడతారు. లాభం కోసం నడవదు, ప్రభుత్వం నడపదు. చుట్టూ ఐదు నుంచి పది కిలోమీటర్ల దాకా వినపడుతుంది. మన దేశంలో దీనికి అనుమతించే ప్రసార శక్తి 100 వాట్లు. అంకె వరకు చూస్తే ఒకప్పుడు మన ఇళ్లలో వెలిగిన పెద్ద బల్బంత. స్తంభం ఎత్తు 30 మీటర్లు దాటకూడదు. అంత చిన్నది.

అంత చిన్నదానికి ఈ దేశంలో అనుమతి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. అసలు గాలి ఎవరిది? మన తంతి చట్టం 1885 నాటిది. రేడియో పుట్టకముందు తెల్లవాడు చేసిన ఆ చట్టం కిందే స్వతంత్రం వచ్చాక కూడా ప్రసారాలన్నీ ప్రభుత్వం చేతిలో ఉండిపోయాయి. 1942లో క్విట్ ఇండియా రోజుల్లో బొంబాయిలో ఉషా మెహతా, మరి కొందరు యువకులు కలిసి కాంగ్రెస్ రేడియో అని దొంగచాటుగా నడిపారు. అప్పటికి ఆమెకు 22 ఏళ్లు. పోలీసులు పట్టుకుంటారని చోట్లు మారుస్తూ, పత్రికల్లో రానివ్వని వార్తలు చెప్పారు. చిట్టగాంగ్ మీద బాంబులు పడ్డ సంగతి, జంషెడ్‌పూర్ కార్మికుల సమ్మె జనానికి చేరవేశారు. మూడు నెలలు తిరగకుండానే పట్టుబడ్డారు, ఆమె జైలుకు వెళ్లింది. అధికారంలో ఉన్నవాళ్లు చెప్పని వార్తను జనమే చెప్పుకోవడం మనకు కొత్త కాదని చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను.

గాలి ఎవరిదన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న జవాబు చెప్పింది. కేసు క్రికెట్ మ్యాచ్‌ల ప్రసార హక్కుల గురించి. ఒకవైపు కేంద్ర సమాచార ప్రసార శాఖ, రెండోవైపు బెంగాల్ క్రికెట్ సంఘం. ఆట కోసం మొదలైన తగాదా ఆటను దాటిపోయింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి, వాటిని ప్రజల మేలు కోసం వాడాలి అని ధర్మాసనం తేల్చింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ పి.బి. సావంత్ ఉన్నారు, జస్టిస్ ఎస్. మోహన్ ఉన్నారు, మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు.

ప్రజల ఆస్తి అన్నారు కదా, మరి ప్రజలకు ఇచ్చారా? ముందు వేలం వేశారు. డబ్బున్న కంపెనీలు నగరాల్లో ఎఫ్.ఎం. స్టేషన్లు పెట్టుకున్నాయి. 2002 చివర్లో విద్యాసంస్థలకు అనుమతి ఇచ్చారు. చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం 2004లో మొదటి క్యాంపస్ రేడియో పెట్టింది. స్వచ్ఛంద సంస్థలకు, రైతులకు, మహిళా సంఘాలకు తలుపు తెరిచింది 2006 నవంబరులో.

ఆ తలుపు బయట అప్పటికే కాచుకుని కూర్చున్నవాళ్లు మన పక్కవాళ్లే. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ ఉంది. దానికి చాలా కాలం సారథ్యం వహించి 2023లో కన్నుమూసిన పి.వి. సతీశ్ గారి పేరు మీలో కొందరు వినే ఉంటారు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో దళిత మహిళలు సంఘాలు కట్టుకుని, పడావు పడ్డ భూముల్లో జొన్న, కొర్ర, సామ లాంటి పంటలు తిరిగి పండించారు. తమ మాట తామే చెప్పుకోవాలని, మాచునూరులో యునెస్కో సాయంతో రేడియో కేంద్రం కట్టుకున్నారు. స్టూడియో ఉంది, యంత్రాలున్నాయి, మాట్లాడేవాళ్లున్నారు. లేనిది అనుమతి ఒక్కటే.

అప్పుడు వాళ్లేం చేశారో మనం గమనించాలి. అనుమతి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఏళ్ల తరబడి కార్యక్రమాలు క్యాసెట్ల మీద రికార్డు చేశారు. ఆ క్యాసెట్లు ఊరూరా తీసుకెళ్లి, రాత్రిపూట సంఘం మీటింగుల్లో టేప్ రికార్డరు పెట్టి వినిపించారు. గాలిలో కాకుండా చేతుల మీద నడిచిన రేడియో అది. 2000లో, ప్రభుత్వ రేడియో, ప్రైవేటు రేడియోలతో పాటు జనం రేడియో అనే మూడో అంచె కూడా ఉండాలని దేశమంతటి నుంచి వచ్చినవాళ్లు చేసిన ప్రకటనకు పస్తాపూర్ పేరే పెట్టారు.

చివరికి 2008 అక్టోబరు 15న, గ్రామీణ మహిళా దినోత్సవం నాడు, 90.4 మెగాహెర్ట్జ్ మీద సంఘం రేడియో మొదలైంది. గాలి ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పిన జస్టిస్ సావంతే వచ్చి దాన్ని ప్రారంభించారు. ఆల్గోల్ నర్సమ్మ, జనరల్ నర్సమ్మ అనే ఇద్దరు ఆ రేడియో గొంతులయ్యారు. ఇద్దరూ ఆ పల్లెల్లో పుట్టిన దళిత కుటుంబాల ఆడపిల్లలే. రికార్డు చేసేది వాళ్లే, ఎడిట్ చేసేది వాళ్లే, ప్రసారం చేసేది వాళ్లే.

అందులో ఏం వస్తుంది? విత్తనం ఎట్లా దాచుకోవాలి, పురుగు తగలకుండా బూడిదలో ఎట్లా కలపాలి, జొన్నతో ఏమేం వండుకోవచ్చు, బాలింతకు ఏం పెట్టాలి, పండుగ ఎట్లా చేసుకోవాలి. మాట మన మాటే. 'ఏమే అక్కా, ఎట్లున్నవ్' అన్నట్టే సాగుతుంది. పుస్తక భాష వెతుక్కోరు. విన్న ముసలమ్మకు అది రేడియోలా అనిపించదు. పక్కింటి మనిషి అరుగు మీద కూర్చుని మాట్లాడినట్టుంటుంది.

పాటల సంగతి వేరుగా చెప్పాలి. సినిమా పాట మనకు ఎక్కడైనా దొరుకుతుంది. బస్సులో, పెళ్లిలో, ఫోనులో. నాట్ల పాట ఎక్కడ దొరుకుతుంది? ఇసుర్రాయి ముందు పాడుకునే పాట, కోలాటం పాట, బతుకమ్మ పాట, పీర్ల పండుగ పాట ఎవరి దగ్గరున్నాయి? పాడేవాళ్లు డెబ్బై దాటారు. నాట్లకు యంత్రం వచ్చింది, ఇసుర్రాయి మూలకు చేరింది, పని పోతే దాని పాట కూడా పోతుంది. కమ్యూనిటీ రేడియో ఆ పాటను రికార్డు చేసి, పాడినామె బతికుండగానే ఆమె మనవరాలికి వినిపిస్తుంది. ఇందులో లెక్క కూడా ఉంది. సినిమా పాట వెయ్యాలంటే హక్కుదారులకు రుసుం కట్టాలి. మన ఊరి పాటకు పాడినామె మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే చాలు. బీద రేడియోకు ఊరి పాటే ఆస్తి.

ఇక నా వృత్తికి సంబంధించిన దగ్గరికి వస్తాను. వార్తలు.

మన దేశంలో కమ్యూనిటీ రేడియోకు వార్తలు చెప్పే హక్కు లేదు. 2006 విధానంలోనే వార్తలు, వర్తమాన రాజకీయ కార్యక్రమాలు ప్రసారం చెయ్యకూడదని షరతు పెట్టారు. ఇందులోని విచిత్రం చూడండి. మన ఊళ్లో ఎవరైనా పత్రిక పెట్టుకోవచ్చు. టీవీలో రోజంతా వార్తల చానళ్లు అరుస్తూనే ఉంటాయి. ఫోనులో నిజమో అబద్ధమో తెలియని మాట నిమిషంలో వెయ్యిమందికి చేరుతుంది. వాటన్నిటికీ లేని ఆంక్ష, పది కిలోమీటర్లు కూడా వినపడని చిన్న రేడియోకు ఉంది. ఈ ఆంక్షను ప్రశ్నిస్తూ కామన్ కాజ్ సంస్థ 2013లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. దేశంలో ఇన్ని చిన్న స్టేషన్లు ఏం చెబుతున్నాయో కనిపెట్టి ఉండటం కష్టం, భద్రతకు ముప్పు రావచ్చు అన్నది ప్రభుత్వం వాదన.

ఆ వాదన పూర్తిగా కొట్టిపారేసేది కాదు. 1994లో రువాండాలో ఆర్.టి.ఎల్.ఎం. అనే రేడియో ఒక జాతి మీద విషం కక్కి, ఊచకోతకు జనాన్ని ఎగదోసింది. దాన్ని స్థాపించినవాళ్లకు అంతర్జాతీయ క్రిమినల్ ట్రిబ్యునల్ శిక్ష వేసింది. రేడియో మంచి చెయ్యగలదన్నవాళ్లం చెడు కూడా చెయ్యగలదని ఒప్పుకోవాలి. అయితే అది పల్లె జనం నడిపిన రేడియో కాదు. అధికారంలో ఉన్నవాళ్ల అండ ఉన్న రేడియో. మాట్లాడినవాడు ఎవరో, ఎక్కడుంటాడో వినేవాళ్లకు తెలిసి, మర్నాడు బావి దగ్గర నిలదీయగలిగే చోట అబద్ధం చెప్పడం అంత సులువు కాదు.

నేపాల్ అనుభవం దీనికి మరో పక్క. దక్షిణాసియాలో మొదటి స్వతంత్ర కమ్యూనిటీ రేడియో అక్కడిదే. పర్యావరణ పాత్రికేయుల సంఘం పూనుకుని 1997లో కాఠ్మాండులో రేడియో సాగర్‌మాథా పెట్టింది. దాని వెనకే కొండల్లో, తరాయిలో ఎన్నో స్టేషన్లు వచ్చాయి. మనకు లేని హక్కు వాళ్లకు ఉంది, వాళ్లు వార్తలు చెబుతారు. 2005 ఫిబ్రవరి 1న రాజు జ్ఞానేంద్ర అధికారం చేజిక్కించుకున్నాడు. స్టేషన్లలోకి సైనికులు వచ్చారు. వార్తలు బంద్, పాటలు మాత్రమే వెయ్యండి అన్నారు. సరే, పాటలే కదా అని కొందరు వార్తలను పాట కట్టి పాడారు. మరి కొందరు వీధిలో నిలబడి గొంతెత్తి చదివారు. అదే ఏడాది నవంబరులో మావోయిస్టు నాయకుడితో బీబీసీ చేసిన ఇంటర్వ్యూ వేస్తున్నారని సాగర్‌మాథా మీద దాడి చేసి, యంత్రాలు తీసుకెళ్లి, సిబ్బందిని పట్టుకెళ్లారు. కొద్ది రోజుల్లోనే అక్కడి సుప్రీంకోర్టు జోక్యంతో అది మళ్లీ మాట్లాడింది. ఆ తర్వాతి ఏప్రిల్‌లో జనం వీధుల్లోకి వచ్చారు, రాజు దిగివచ్చాడు. అది రేడియో ఒక్కదాని వల్ల జరిగిందని నేను అనను. నోరు నొక్కేసిన రోజుల్లో జనానికి ఒకరి మాట ఒకరికి చేరవేసింది మాత్రం అవే.

మన దగ్గర గాలిలో దారి మూసేస్తే ఫోనులో దారి వెతికినవాళ్లున్నారు. ఛత్తీస్‌గఢ్‌లో, బీబీసీలో పనిచేసి వచ్చిన శుభ్రాంశు చౌదరి 2010లో సీజీనెట్ స్వర మొదలుపెట్టారు. అడవిలో ఉన్న గోండు మనిషి ఒక నంబరుకు ఫోను చేసి తన భాషలోనే చెప్పుకుంటాడు. కూలి డబ్బు రాలేదనో, బోరు పాడైందనో, బడికి పంతులు రావడం లేదనో చెబుతాడు. కొన్నిసార్లు పాట పాడతాడు. దాన్ని సరిచూసి అందరికీ వినపడేట్టు పెడతారు. విన్నవాళ్లు సంబంధిత అధికారికి ఫోను చేసి అడుగుతారు. మన ఆదిలాబాద్‌లోనూ గోండి మాట్లాడతారు. ఆ భాషకు ఏ పత్రికలో ఒక పేజీ ఉంది?

ముప్ఫై ఏళ్లు జిల్లా పేజీలు దిద్దినవాడిగా ఒక మాట చెబుతాను. మన ఊరి పేరు పేపర్లో ఎప్పుడొస్తుంది? బస్సు బోల్తాపడితే వస్తుంది. మంత్రిగారు వస్తే వస్తుంది. ఒక రైతు ఉరేసుకుంటే నాలుగు లైన్లు వస్తుంది. ఆ రైతు ఉరేసుకోకముందు రెండేళ్లు బోరు మీద బోరు ఎందుకు వేశాడో, వడ్డీ ఎంత కట్టాడో, ఆయన భార్య ఎవరెవరి గడప తొక్కిందో రాదు. విలేకరి మంచివాడు కాక కాదు. ఒక్కడు ముప్ఫై ఊళ్లు చూడాలి, పేజీలో చోటు లేదు, ప్రకటనలు ఎక్కువ. పెద్ద వార్తా సంస్థ కన్ను పడనిదాన్ని చూసేదే ప్రత్యామ్నాయ వార్త. అందుకు పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. పక్కనే ఉంటే చాలు. డక్కన్ సొసైటీ మహిళలే కెమెరా పట్టి, వరంగల్ జిల్లాలో బీటీ పత్తి వేసిన రైతుల వెంట మూడేళ్లు తిరిగి సినిమా తీశారు. ఒకసారి వచ్చి ఫొటో తీసుకుని పోయేవాళ్లకు ఆ మూడేళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?

మరి వార్తలు వద్దన్నాక మన బడి రేడియో ఏం చెప్పగలదు? ఆంక్ష ఉన్నా, దాని లోపల చోటు చాలా ఉంది. వాతావరణం, కరెంటు కోత, నీళ్ల సరఫరా, పరీక్షల ఫలితాలు, ఉద్యోగ ప్రకటనలు, రోగాల హెచ్చరికలు, వరద సమాచారం లాంటివాటికి అడ్డు లేదు. మార్కెట్లో కందుల ధర చెప్పవచ్చు. ఉపాధి హామీ కూలి ఎన్ని రోజుల్లో పడాలో, పడకపోతే ఎవరికి అర్జీ పెట్టాలో చెప్పవచ్చు. ఇంటర్ చదివే ఆడపిల్లకు స్కాలర్‌షిప్ గడువు చెప్పవచ్చు. పార్టీల ఊసు ఎత్తనక్కర్లేదు. తన హక్కు ఏమిటో తెలిసిన మనిషి గ్రామసభలో నోరు విప్పుతుంది. అసలైన రాజకీయం అక్కడుంది, దానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. వార్తల మీద ఆంక్ష పోవాలని మనం అడుగుతూనే ఉండాలి, ఈలోగా ఉన్న చోటును వాడుకోవాలి.

ఇప్పుడు మన లెక్క. విద్యాసంస్థలకు అర్హత ఉంది. స్థానికంగా సేవ చేస్తూ కనీసం మూడేళ్లు నిండిన రిజిస్టర్డు సంఘాలకు ఉంది, మన సంఘానికి యాభై ఏళ్లు నిండాయి. రాజకీయ పార్టీలకు, వాటి అనుబంధ సంఘాలకు లేదు. కార్యక్రమాల్లో కనీసం సగం ఇక్కడే, ఇక్కడివాళ్లతో తయారవ్వాలి. ప్రసారమైనదంతా మూడు నెలలు భద్రపరచాలి. 2024లో మార్చిన నిబంధనల ప్రకారం గంటకు 12 నిమిషాల దాకా ప్రకటనలు వేసుకోవచ్చు. కార్యక్రమాలను నిర్ణయించే కమిటీలో కనీసం సగం మంది ఆడవాళ్లు ఉండాలి.

ఈ చివరి షరతు దగ్గరే నా భయం, నా ఆశ రెండూ ఉన్నాయి. సభ్యులు కోపగించుకోకూడదు. మన కార్యవర్గంలో ఇప్పుడు ఎంతమంది ఆడవాళ్లున్నారో వేదిక మీదకు చూస్తే తెలుస్తుంది. చందా ఎక్కువ ఇచ్చినవాళ్లే కమిటీలో కూర్చుంటే, రేడియో కూడా పాత పంచాయతీ మైకే అవుతుంది. శంకుస్థాపన ఉపన్యాసాలు, పుట్టినరోజు శుభాకాంక్షలు మిగులుతాయి. చెరువు కింది వాడ నుంచి, తండా నుంచి మనిషి వచ్చి కుర్చీలో కూర్చుని మాట్లాడకపోతే ఆ స్తంభం దండగ. డబ్బు పెట్టేది మనమే అయినా, మైకు మన చేతిలో ఉండకూడదు.

ఇంకో చిక్కు, నడిపే ఖర్చు. యంత్రాలకు ఒకసారి చందా పోగవుతుంది, ప్రభుత్వ సాయానికీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ కరెంటు బిల్లు ప్రతి నెలా వస్తుంది. నడిపే ఇద్దరు పిల్లలకు జీతం ప్రతి నెలా ఇవ్వాలి. రిబ్బను కత్తిరించిన ఉత్సాహం రెండో ఏటికి ఉండదు. అందుకని నిధి మొత్తం యంత్రాలకు పెట్టవద్దు. సగం బ్యాంకులో వేసి, వడ్డీతో నడపాలి.

ముఖద్వారం కావాలన్న మిత్రుల మనసు నాకు తెలుసు. బడి మీద ప్రేమతోనే అడుగుతున్నారు. ద్వారం కడితే ఏడాదిలో కనపడుతుంది, దాని మీద దాతల పేర్లుంటాయి. రేడియో కనపడదు. పైగా అనుమతి రావడానికి ఎంత కాలం పడుతుందో మన చేతిలో లేదు. కానీ ద్వారం లోపలికి రానివాళ్ల ఇంటికి కూడా రేడియో వెళుతుంది. బడి మానేసి పత్తి చేలో కూలికి పోతున్న పిల్ల కూడా వింటుంది.

అనుమతి వచ్చేదాకా ఏం చెయ్యాలో మాచునూరు అమ్మలు చూపించారు. వాళ్లకు టేప్ రికార్డరు కావాల్సి వచ్చింది, మన దగ్గర ప్రతి జేబులోనూ ఫోనుంది. ఈ దసరా సెలవుల్లోనే తొమ్మిదో తరగతి పిల్లలు పదిమంది, ఒక టీచరమ్మ కలిసి మొదలుపెట్టవచ్చు. వాడకొక పెద్దామె దగ్గరకు వెళ్లి పాట రికార్డు చెయ్యాలి, చెరువు చరిత్ర అడగాలి, ఈసారి ఏ విత్తనం మొలవలేదో అడగాలి. వారానికి అరగంట కార్యక్రమం తయారుచేసి, శనివారం సాయంత్రం వాడవాడనా స్పీకరు పెట్టి వినిపించాలి. ఆర్నెల్లు అట్లా నడిపి, జనం వచ్చి వింటున్నారా, తిట్టడానికైనా వస్తున్నారా చూడాలి. వస్తే దరఖాస్తు పెట్టాలి. రాకపోతే నిధి చెక్కుచెదరకుండా ఉంటుంది, అప్పుడు మిత్రులు ద్వారమే కట్టుకోవచ్చు. నాకు అభ్యంతరం లేదు.

కాబట్టి మధ్యాహ్నం సమావేశంలో నేను పెట్టబోయే తీర్మానంలో మూడు మాటలుంటాయి. మొదటిది, ఆర్నెల్ల పాటు స్వర్ణోత్సవ నిధిని ముట్టకుండా ఉంచడం. రెండోది, పిల్లలతో రికార్డింగు పని వెంటనే మొదలుపెట్టడం. మూడోది, కార్యక్రమాల కమిటీలో సగానికి తగ్గకుండా ఆడవాళ్లను, ప్రతి వాడ నుంచి, తండా నుంచి ఒక్కొక్కరిని తీసుకోవడం. మూడో మాటకు ఒప్పుకోలేకపోతే మొదటి రెండూ నాకు అక్కర్లేదు.

 తీర్మానాన్ని బలపరచమని కోరుతున్నాను.